తకయామా పాత వీధులు, అక్టోబర్ రథాల పండగ: పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో అమ్మానాన్నలని తీసుకుని జపాన్ వెళ్తున్నాం. తమ్ముడు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి బస వాడింట్లోనే. క్యోటో, నారా ఎలాగూ చూస్తాం. మధ్యలో ఒక చిన్న ఊరికి కూడా తీసుకెళ్ళాలని నా కోరిక. నాన్నగారికి టవర్లు, మాల్స్ అస్సలు పట్టవు, పాత ఇళ్ళు, చెక్క పని, చేత్తో వస్తువులు చేసే దుకాణాలు చూపిస్తే మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండిపోతారు. వెతుకుతుంటే గిఫు రాష్ట్రంలో కొండల మధ్య ఉన్న తకయామా కనిపించింది. సన్‌మాచి అని పాత వీధులున్నాయట, సాకే (బియ్యంతో చేసే మద్యం) కాచే పాత ఇళ్ళున్నాయట, నది ఒడ్డున రోజూ పొద్దున్నే సంత జరుగుతుందట, వీటికి తోడు అక్టోబర్ 9, 10 తేదీల్లో రథాల పండగ. మా తేదీలు దానికి సరిగ్గా కలుస్తున్నాయి.

ఇక నా సందేహాలు. పండగ రోజుల్లో ఊళ్ళో రూములు దొరకడం లేదు, దొరికినా రేటు చూస్తే గుండె ఆగుతోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పి, గంటల తరబడి నిలబడలేదు. ఇద్దరూ శుద్ధ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. అక్కడ ఏ వంటలో చూసినా చేప రసం ఉంటుందంటున్నారు. ఇంకో మాట, వాన పడితే రథాలు బయటికి రావని ఎక్కడో చదివాను, అంత దూరం వెళ్ళాక అదే జరిగితే ఎలా? మా ఆయనేమో క్యోటోలోనే ఇంకో రెండు రోజులు ఉందాం, ఈ హడావుడి ఎందుకు అంటున్నారు. వెళ్ళి చూసినవాళ్ళు, అక్కడ ఉంటున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

నగోయా_తెలుగు:

వెళ్ళండి అక్కా. నేను నగోయాలో ఉంటాను, తకయామాకి పండగలకీ వెళ్ళాను, మామూలు రోజుల్లోనూ వెళ్ళాను. మీ నాన్నగారి గురించి మీరు రాసింది చదివితే ఈ ఊరు ఆయన కోసమే అనిపించింది. ముందు పండగ సంగతి చెప్తాను, ఎందుకంటే దీని గురించి చాలామందికి ఒక విషయం తెలియదు.

తకయామాలో ఏడాదికి రెండు పండగలు. వసంతంలో ఏప్రిల్ 14, 15న హియె గుడి పండగ, శరదృతువులో అక్టోబర్ 9, 10న సకురయామా హచిమాన్ గుడి పండగ. తేదీలు మారవు, వారం ఏదైనా సరే అవే రోజులు. యసుగావా అనే వీధి ఊరిని రెండుగా విడదీస్తుంది. వసంత పండగ దానికి దక్షిణాన ఉన్న పేటలది, అక్టోబర్ పండగ ఉత్తరాన ఉన్న పేటలది. అందరూ ఫోటోల్లో చూసే సన్‌మాచి పాత వీధులు దక్షిణం వైపు ఉన్నాయి. అక్టోబర్‌లో వచ్చినవాళ్ళు అక్కడ నిలబడి రథాలెక్కడ అని వెతుక్కుంటూ ఉంటారు. మీరు నేరుగా ఉత్తరానికి, హచిమాన్ గుడికి వెళ్ళే దారిలోకి వెళ్ళండి. పగలంతా రథాలు అక్కడే వరసగా నిలబడి ఉంటాయి.

రథాలు వసంతానికి 12, శరత్తుకి 11. అక్కడివాళ్ళు యతాయ్ అంటారు. ఒక్కో రథం ఒక్కో పేట సొంతం, గుడిది కాదు, మున్సిపాలిటీది కాదు. ఆ పేటలో ఉండే కుటుంబాలే ఒక సంఘంగా ఏర్పడి దాన్ని చూసుకుంటాయి, బాగుచేయిస్తాయి, పండగ రోజున లాగుతాయి. కొండల్లో ఉన్న ఇంత చిన్న ఊరికి ఇంత సంపద ఎలా వచ్చిందా అని నాకు మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. 1692లో షోగున్ (అప్పట్లో జపాన్‌ని ఏలిన సైన్యాధిపతి) ప్రభుత్వం ఇక్కడి కనమోరి ప్రభువులని వేరే చోటికి పంపేసి, అడవుల కలప కోసం హిదా ప్రాంతాన్నంతా తన చేతుల్లోకి తీసుకుంది. కోటని కూడా పడగొట్టించింది. ప్రభువు లేని ఆ ఊళ్ళో వర్తకులు బాగా ఎదిగారు. కానీ వాళ్ళు ఇల్లు ఎంత ఎత్తు కట్టాలి, ఏ చెక్క వాడాలి అన్నదాని మీద ఆంక్షలుండేవి. ఆ డబ్బులో చాలా భాగం రథాల మీదికి మళ్ళింది. చెక్కడాలు, లక్క పూత, బంగారు రేకు, ఇత్తడి పనులు, బరువైన తెరలు, పక్క పేట రథాన్ని మించాలన్న పంతం, అన్నీ వాటి మీద కనిపిస్తాయి.

9వ తేదీ మధ్యాహ్నం కొన్ని రథాలని వీధుల్లో లాగుతారు. ఆ సమయంలో ఏదైనా మూల మలుపు దగ్గర నిలబడండి. అంత బరువైన రథం ఇరుకు వీధిలో ఎలా తిరుగుతుందంటే, లోపల దాచి ఉంచిన ఇంకో చక్రాన్ని కిందికి దించి, దాని మీదికి బరువు తీసుకుని మొత్తం రథాన్ని తిప్పుతారు. మీ నాన్నగారికి ఇది చాలా నచ్చుతుంది. గుడి ఆవరణలో హోతెయ్ రథం మీద మరబొమ్మల ఆట రోజుకి రెండుసార్లు ఉంటుంది. ఇద్దరు పిల్లల బొమ్మలు ఊయల కర్రలు ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని ఊగుతూ వచ్చి హోతెయ్ దేవుడి భుజాల మీదికి ఎక్కుతాయి. మోటారు ఏమీ లేదు, లోపల కూర్చున్నవాళ్ళు దారాలతోనే ఆడిస్తారు.

9 సాయంత్రం చూడకుండా మాత్రం రావద్దు. ఒక్కో రథానికి వంద దాకా కాగితపు లాంతర్లు వెలిగించి, ఆ పేటవాళ్ళు పాడుకుంటూ వీధుల్లో తిప్పి వాటి కొట్టాలకి తీసుకెళ్తారు. ఇక్కడే బస సమస్య వస్తుంది, ఎందుకంటే మామూలు రోజుల్లో నగోయాకి చివరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఏడు లోపే వెళ్ళిపోతుంది. ఊళ్ళో రూము దొరక్కపోతే హిదా ఫురుకావా చూడండి, లోకల్ రైల్లో పదిహేను నిమిషాలు, అది కూడా అందమైన పాత ఊరే. రెండు వైపులా రాత్రి రైళ్ళ టైములు ముందే రాసుకోండి.

కొండదారి:

పైన నగోయా తమ్ముడు చెప్పినవన్నీ నిజమే, పండగ గొప్పదే, క్యోటో గియోన్, చిచిబుతో పాటు జపాన్‌లో మూడు అందమైన రథోత్సవాల్లో ఒకటిగా లెక్కేస్తారు. 2016లో యునెస్కో 33 రథోత్సవాలని కలిపి గుర్తించింది, వాటిలో ఇదీ ఉంది. అయినా మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మగారితో అయితే నా సలహా వేరు.

పండగ అయ్యాక రెండు మూడు రోజులు ఆగి వెళ్ళండి. పండగ రోజు హచిమాన్ గుడి ముందు ఒక అడుగు వేయాలంటే ముందున్నవాళ్ళు కదలాలి, బొమ్మలాటకి గంట ముందే చోటు పట్టుకుని నిలబడాలి, కూర్చోవడానికి ఏమీ ఉండదు. మీ నాన్నగారు చూడాలనుకుంటున్నది చెక్క పని కదా, రథం మీద ఒక చెక్కడాన్ని దగ్గరగా నిలబడి తీరిగ్గా చూడాలంటే ఆ గుంపులో కుదరదు. గుడి పక్కనే యతాయ్ కైకాన్ అనే ప్రదర్శనశాల ఉంది. శరత్ పండగ రథాల్లో నాలుగింటిని అక్కడ ఎప్పుడూ ఉంచుతారు, ఏడాదిలో కొన్నిసార్లు మారుస్తూ ఉంటారు. అద్దాల వెనక, చుట్టూ వాలుగా పైకి వెళ్ళే దారిలో నడుస్తూ కింది చక్రాల నుంచి పైకప్పు దాకా ఏ ఎత్తులో ఉన్నది ఆ ఎత్తులోనే చూడొచ్చు. రథాల మొత్తం అందం నాకు అక్కడే అర్థమైంది.

ఇంకోటి, ఈ ఊరి అసలు రుచి వీధుల్లో ఉంది. సన్‌మాచిని 1979లో ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కిందికి వంగిన చూరులు, సన్నటి చెక్క జాలీలు, ఇంటి ముందు పారే చిన్న నీటి కాలువ, సాకే దుకాణం గుమ్మానికి వేలాడే దేవదారు ఆకుల గుండ్రటి బంతి. కొత్త సాకే సిద్ధమైనప్పుడు పచ్చటి బంతి కడతారు, నెలలు గడిచేకొద్దీ అది ఎండి గోధుమరంగుకి వస్తుంది. మీరు అక్టోబర్‌లో వెళ్తే గోధుమరంగు బంతులే కనిపిస్తాయి. తాగనివాళ్ళు కూడా ఆ ఇళ్ళ లోపలికి వెళ్ళి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

పదింటి నుంచి మూడింటి దాకా ఆ వీధి టూరిస్టు బస్సుల వాళ్ళతో నిండిపోతుంది. పొద్దున ఎనిమిదికి వెళ్ళండి, దుకాణాలు ఇంకా తెరవరు కానీ వీధి మీ ఒక్కరిదే. దుకాణాలు సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు, కాబట్టి రాత్రి భోంచేసి తీరిగ్గా షాపింగ్ చేద్దాం అనుకునే మన అలవాటు అక్కడ నడవదు. ఆ ఇళ్ళలో చాలావాటిలో మనుషులు ఉంటున్నారు, జాలీలోంచి లోపలికి తొంగి చూడకుండా పిల్లలకి చెప్పండి. నడుస్తూ తినడం కూడా వద్దు, కొన్న దుకాణం ముందే నిలబడి తినేసి పుల్ల వాళ్ళకే ఇచ్చేయాలి, వీధిలో చెత్తబుట్టలు ఉండవు.

ఊరు కొండల్లో ఉన్నా పాత పేటంతా చదునే. స్టేషన్ నుంచి సన్‌మాచికి పది పన్నెండు నిమిషాల నడక, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. అయితే దాదాపు 570 మీటర్ల ఎత్తు కాబట్టి అక్టోబర్‌లో పొద్దున్నే బాగా చలి, ఒక స్వెట్టరు, సాక్సులు తప్పకుండా పెట్టండి.

కృష్ణాతీరం:

ఇద్దరికీ చాలా థాంక్స్. చదివాక ఇంకా ఇరకాటంలో పడ్డాను. నాన్నగారికి చదివి వినిపిస్తే ఆ చక్రం తిప్పేది చూడాల్సిందే అంటున్నారు, అమ్మేమో గుంపు మాట వినగానే వద్దంది. తిండి గురించి కూడా ఎవరైనా చెప్పండి. అత్తయ్యగారి చెల్లెలు జపాన్ టూర్‌కి వెళ్ళి వారం రోజులు అరటిపళ్ళు, బ్రెడ్డు తిని వచ్చానని చెప్పారు, అప్పటి నుంచి అమ్మకి అదే భయం.

పప్పుచారు:

తిండి గురించి నేను చెప్తానండి, మా ఇంట్లోనూ గుడ్డు తినని పెద్దవాళ్ళే, వాళ్ళని తకయామా తీసుకెళ్ళాం.

ముందు అసలు సమస్యేంటో అమ్మగారికి అర్థమయ్యేలా చెప్పండి. మాంసం ముక్కలు కనిపిస్తే పక్కన పెట్టొచ్చు, కానీ దాషి అనే పులుసు నీళ్ళు ఎండబెట్టిన చేప పొరలతో కాస్తారు, అది మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో ఉంటుంది, సోబా నూడుల్స్ ముంచుకునే రసంలో ఉంటుంది, కూరగాయలు ఉడికించిన నీళ్ళలోనూ ఉంటుంది. కంటికి కనిపించదు. "వెజిటేరియన్" అంటే అక్కడ చాలామందికి మాంసం ముక్క లేకపోతే చాలు అన్న అర్థమే. అందుకని తమ్ముడితో ఒక కాగితం మీద జపనీస్‌లో రాయించుకోండి: మాంసం, చేప, గుడ్డు, చేప దాషి ఏవీ వద్దు అని, ఒక్కోటి విడివిడిగా. నోటితో చెప్పాలంటే "నికు, సకాన, తమగొ, దాషి నాషి దె ఒనెగాయిషిమాసు" అంటే అర్థం చేసుకుంటారు. కుదరకపోతే కుదరదని మర్యాదగా చెప్పేస్తారు, అది మంచిదే, తెలియకుండా పెట్టేయరు.

తకయామాలో వీధి తిండి మనకి కొంచెం అనుకూలమే. మితరాషి దాంగో తప్పకుండా తినిపించండి. బియ్యప్పిండి ఉండలు పుల్లకి గుచ్చి నిప్పుల మీద కాలుస్తూ సోయా సాస్ పూస్తారు. జపాన్‌లో మిగతాచోట్ల దీనికి తియ్యటి పాకం పోస్తారు, తకయామాలో మాత్రం తీపి ఉండదు, ఉప్పగా, కాస్త మాడిన వాసనతో ఉంటుంది. మా పెద్దవాళ్ళు తీపి వాటికంటే ఇవే ఇష్టంగా తిన్నారు. గొహెయ్ మోచి కూడా ఉంటుంది, దంచిన అన్నాన్ని పుల్లకి అద్ది అక్రోటు లేదా ఎగోమా గింజల ముద్ద పూసి కాలుస్తారు, అందులో ఏం కలిపారో ఒకసారి అడిగి తీసుకోండి. సెంబెయ్ అప్పడాలు వేడివేడిగా కాల్చి ఇస్తారు.

పొద్దున్నే సంతకి తీసుకెళ్ళండి. మియగావా నది ఒడ్డున ఒకటి, పాత ప్రభుత్వ కచేరీ అయిన తకయామా జిన్యా ముందు ఇంకొకటి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు తమ తోటల్లో పండినవి తెచ్చి అమ్ముతారు. అక్టోబర్‌లో ఆపిల్స్ బ్రహ్మాండంగా ఉంటాయి. ఎర్ర ముల్లంగి లాంటి దుంప ఒకటుంది, అకకబు అంటారు, దాన్ని ఉప్పులో ఊరబెట్టిన పచ్చడి ఈ ఊరి ప్రత్యేకం, అన్నంలో నంజుకోవడానికి బాగుంటుంది. రుచి చూడమని ముక్క పెడతారు. వేసవి నెలల్లోనూ శరత్తులోనూ ఏడింటికల్లా మొదలై మధ్యాహ్నం పన్నెండుకి సర్దేస్తారు.

ఇక పూట భోజనం. హోబా మీసో అని పెద్ద ఆకు మీద మీసో ముద్ద పెట్టి నిప్పు మీద కాలుస్తారు, ఉల్లికాడలు, పుట్టగొడుగులు వేస్తారు. కొన్నిచోట్ల హిదా గొడ్డు మాంసం వేస్తారు, మీసోలో దాషి కలిపేవాళ్ళూ ఉన్నారు, అడగకుండా తినిపించకండి. బౌద్ధ మఠాల భోజనం, శోజిన్ ర్యోరి అంటారు, దాంట్లో మాంసం, చేప, గుడ్డు ఉండవు, దాషి కూడా కొంబు సముద్రపాచితోనో ఎండు పుట్టగొడుగులతోనో కాస్తారు. ఊరికి తూర్పున గుళ్ళ వరస ఉంది, ఆ సంప్రదాయం ఇక్కడ బాగానే ఉంది, కానీ ముందు బుక్ చేసుకోవాలి, ఖరీదు ఎక్కువే. ఒక్క పూటకైనా తినిపించండి, పెద్దవాళ్ళు జపాన్ వంటని భయం లేకుండా తినేది ఆ పూటే.

ర్యోకాన్ అనే జపాన్ సంప్రదాయ సత్రంలో దిగితే రాత్రి భోజనం వాళ్ళే పెడతారు, వంట మెనూ ముందే నిర్ణయమై ఉంటుంది. బుక్ చేసేటప్పుడే శాకాహారం కుదురుతుందా అని మెయిల్ పెట్టండి, దిగాక చెప్తే వాళ్ళు ఏమీ చేయలేరు. మేము వంటగది ఉన్న చిన్న ఇల్లు తీసుకున్నాం, అన్నం వండుకుని, సంతలో కొన్న టమాటాలతో చారు పెట్టుకుని, వెంట తెచ్చుకున్న కందిపొడి, నెయ్యి వేసుకుని తిన్నాం. పెద్దవాళ్ళతో వెళ్తే ఇదే నిశ్చింత.

చెక్కబొమ్మ:

మీ నాన్నగారి కోసం ఒక విషయం రాస్తాను. నేను చెక్క సామాను డిజైన్ పని చేస్తాను, తకయామా నాకు చాలా దగ్గరైన ఊరు.

హిదా ప్రాంతంలో పొలాలు తక్కువ, అడవి ఎక్కువ. నారా కాలంలో, అంటే ఎనిమిదో శతాబ్దంలో, మిగతా ప్రాంతాలు ధాన్యం, బట్టలు పన్నుగా కడుతుంటే హిదా ప్రజలు పన్నుకి బదులు వడ్రంగులని రాజధానికి పంపేవాళ్ళు. వాళ్ళు అక్కడ గుళ్ళు, రాజభవనాలు కట్టారు. మీరు నారా చూస్తున్నారు కదా, ముందు అది చూసి తర్వాత తకయామా వస్తే ఆ పనితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాన్నగారికే అర్థమవుతుంది. తకయామా రథాలు, పాత ఇళ్ళు, ఇప్పటి ఫర్నిచర్ కంపెనీలు అన్నీ ఆ చేతుల వారసత్వమే. నా దృష్టిలో పండగా, దుకాణాలూ వేరువేరు కాదు. రథానికి లక్క పూసిన కుటుంబాల్లాంటి వాళ్ళే పళ్ళేలకి పూశారు.

రెండు ఇళ్ళు తప్పకుండా చూపించండి, కుసకాబె, యోషిజిమా. రెండూ పక్కపక్కనే, హచిమాన్ గుడి వైపు వెళ్ళే దారిలో ఉత్తరం పేటలో ఉన్నాయి, అందుకని అక్కడికి టూరిస్టులు కొంచెం తక్కువ. కుసకాబె ఇల్లు అగ్నిప్రమాదం తర్వాత 1879లో కట్టింది, అప్పటికి షోగున్ల ఆంక్షలు పోయాయి కాబట్టి మంచి చెక్కని దాచకుండా వాడారు. దూలాలు అంత లావు ఎందుకో, ఎలా నిలబెట్టారో చూస్తూ ఉండిపోతాం. యోషిజిమా ఇల్లు ఇప్పుడున్న రూపంలో 1907 నాటిది. లోపలికి వెళ్ళగానే తల పైకెత్తండి, పైకప్పు దాకా ఖాళీ, దూలాలు, కమ్మీలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి, పైనున్న కిటికీలోంచి వెలుతురు వాటి మీద పడుతుంది. బూట్లు విప్పి తతమి చాపల మీద నడవాలి, సాక్సులు చిరిగినవి లేకుండా చూసుకోండి. అమ్మగారు చాప మీద కూర్చోలేకపోతే గట్టు అంచున కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చోవచ్చు.

కొనేవాటి గురించి. ఎర్ర బట్టతో కుట్టిన, ముఖం లేని కోతిపిల్ల బొమ్మ సరుబొబొ ఊరంతా కనిపిస్తుంది. పూర్వం బామ్మలు మనవలకి కుట్టి ఇచ్చేవాళ్ళు, సుఖప్రసవం, మంచి సంబంధం కోసం దగ్గర ఉంచుకునేవాళ్ళు. పిల్లలకి ఇవ్వడానికి ఇది బాగుంటుంది, ఖరీదు కూడా తక్కువ. నాన్నగారికి మాత్రం ఇత్తోబొరి చూపించండి. ఇచిఇ అనే చెట్టు చెక్కతో చెక్కే బొమ్మలు. మన కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి చెక్క చెక్కాక రంగులే ప్రాణం పోస్తాయి, ఇక్కడ అసలు రంగే వేయరు. ఆ చెక్కలో లోపలి భాగం ఎర్రగా, బయటి భాగం తెల్లగా ఉంటుంది, ఆ రెండు రంగులు ఎక్కడ పడితే బాగుంటుందో చూసుకుని చెక్కుతారు, ఉలి దెబ్బలని నున్నగా చేయరు, అలాగే వదిలేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది. కొన్ని దుకాణాల్లో చెక్కేవాళ్ళు ముందే కూర్చుని పని చేస్తుంటారు. ఫోటో తీసేముందు అడగండి, చూస్తూ నిలబడితే ఏమీ అనుకోరు.

రెండోది షుంకెయ్ లక్క పని. మామూలు లక్క సామాను నల్లగా, ఎర్రగా ఉండి కింది చెక్క కనిపించదు, షుంకెయ్‌లో పూత పారదర్శకంగా, తేనె రంగులో ఉంటుంది, చెక్క గీతలు లోపలి నుంచి కనిపిస్తాయి. అంటే చెక్కలో ఒక్క లోపం ఉన్నా దాచలేరు, వడ్రంగి పని కూడా అంత శుభ్రంగా ఉండాలి. చిన్న పళ్ళెం కూడా చవకేం కాదు. మరీ తక్కువ ధరకి దొరికితే అది ఏ ఊళ్ళో తయారైందో, ఏ పూతో అడిగి తీసుకోండి, దుకాణంవాళ్ళు నిజమే చెప్తారు. ఇంటికి తెచ్చాక ఎండలో పెట్టొద్దు, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. చాలా చిన్న దుకాణాల్లో నగదే తేలిక, కార్డు మీద ఆధారపడకండి.

రైలుపట్టా:

ఒసాకా నుంచి అయితే రైలు గురించి ఒక మాట. హిదా ఎక్స్‌ప్రెస్ ఒసాకా నుంచి నేరుగా తకయామాకి రోజుకి ఒకటే ఉంది, పొద్దున బయల్దేరి క్యోటో మీదుగా వెళ్తుంది, నాలుగు గంటల పైన పడుతుంది. మారాల్సిన పని లేదు కాబట్టి పెద్దవాళ్ళకి ఇదే సుఖం. అది దొరక్కపోతే షింకాన్సెన్ (బుల్లెట్ రైలు)లో నగోయా, అక్కడి నుంచి హిదా, ఇంకో రెండు గంటల ఇరవై నిమిషాలు, టికెట్టు దాదాపు 6,000 యెన్లు. నగోయాలో ఎక్కితే సీట్లు వెనక్కి తిరిగి ఉంటాయి, కంగారు పడొద్దు, గిఫులో రైలు దిశ మార్చుకుంటుంది. కొండల్లోకి వెళ్ళాక నది పక్కనే పోతుంది, కిటికీ సీటు తీసుకోండి.

పండగ రోజులకి సీటు రిజర్వేషన్ తప్పనిసరి. దేశమంతా తిరిగే రైలు పాస్ 2023 అక్టోబర్‌లో ఏడు రోజులకి 50,000 యెన్లకి పెరిగింది, మీ ప్లాన్‌కి అంత గిట్టదు. తకయామా హొకురికు పాస్ అని ఐదు రోజులది ఒకటుంది, ఒసాకా, క్యోటో, కనజావా, తొయామా, షిరకావా గ్రామం బస్సు, తకయామా, నగోయా అన్నీ వస్తాయి. కాకపోతే నగోయా, ఒసాకా మధ్య షింకాన్సెన్‌కి అది చెల్లదు. ఊళ్ళో రూముల కోసం పాకులాడకుండా గెరోలో దిగండి, రైల్లో ముప్పావుగంట, పేరున్న వేడినీటి బుగ్గల ఊరు. అమ్మగారి మోకాళ్ళకి ఆ వేడినీళ్ళు హాయిగా ఉంటాయి. రాత్రి లాంతర్లు చూసి గెరో చేరాలంటే మాత్రం ఆ రోజు రైలు టైములు చూసుకునే నిర్ణయించండి.

కృష్ణాతీరం:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఫురుకావాలో వంటగది ఉన్న చిన్న ఇల్లు ఒకటి దొరికింది, 9, 10 రెండు రాత్రులు తీసుకున్నాం. 9న మధ్యాహ్నం నాన్నగారిని తీసుకుని తమ్ముడు రథాలు లాగేది చూడటానికి వెళ్తాడు, అమ్మా నేనూ ఆ టైములో కుసకాబె ఇంట్లో కూర్చుంటాం. 11న గుంపు తగ్గాక సంత, సన్‌మాచి, యతాయ్ కైకాన్. మా ఆయన కూడా ఒప్పుకున్నారు, నారా వడ్రంగుల సంగతి చదివాక ఆయనకే ఎక్కువ ఆసక్తి వచ్చింది. ఇక మిగిలింది వాన ఒక్కటే. పడితే ఏం చేస్తారు?

నగోయా_తెలుగు:

మంచి ప్లాన్ అక్కా. వాన పడితే రథాలు బయటికి రావు, చినుకులు పడే అవకాశం ఉన్నా తీయరు. ఆ లక్క, బంగారు రేకు, పాత తెరలు ఒకసారి తడిస్తే బాగుచేయడానికి ఏళ్ళు పడుతుంది, కాబట్టి ఆ విషయంలో పేటవాళ్ళు పట్టుదలగా ఉంటారు, ఉండాల్సిందే కూడా. బొమ్మలాట, రాత్రి ఊరేగింపు కూడా ఆగిపోతాయి. కానీ మీ రోజు వృథా కాదు. ఒక్కో రథానికి ఆ పేటలోనే పొడవాటి తలుపులున్న తెల్లటి కొట్టం ఉంటుంది, వాన రోజున ఆ తలుపులు తీసి రథాలని లోపలే చూడనిస్తారు. గొడుగులు వేసుకుని ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి నడుచుకుంటూ వెళ్ళొచ్చు, దగ్గరే ఉంటాయి. పేటవాళ్ళు అక్కడే కూర్చుని ఉంటారు, తమ్ముడికి జపనీస్ వచ్చు కాబట్టి ఆ రథం కథ అడిగితే సంతోషంగా చెప్తారు.

9 ఉదయం నగర పర్యాటక శాఖ వెబ్‌సైట్ చూడండి, రథాలు తీస్తారా లేదా అన్నది అక్కడ పెడతారు. 10 ఉదయం మీరు ఖాళీగానే ఉన్నట్టున్నారు, ఆ రోజు గుడి నుంచి బయల్దేరే ఊరేగింపు చూడండి, కోడిపుంజు బొమ్మలున్న బట్టలు వేసుకుని చిన్న గంటలు కొడుతూ వెళ్ళేవాళ్ళుంటారు, సింహం నాట్యం ఉంటుంది. అది ఇళ్ళ మధ్య వీధుల్లోంచి వెళ్తుంది కాబట్టి అమ్మగారిని ఏదైనా పక్క వీధిలో, గుడికి దూరంగా నిలబెడితే గుంపు ఉండదు. మడతపెట్టే చిన్న స్టూలు ఒకటి ఒసాకాలోనే కొని పట్టుకెళ్ళండి, వంద యెన్ల దుకాణాల్లో కూడా దొరుకుతాయి.

కొండదారి:

స్టూలు మాట బాగా గుర్తుచేశారు. ఇంకొక్కటి, రథాల దగ్గర చెయ్యి పెట్టి తడిమి చూడొద్దని నాన్నగారికి ముందే చెప్పండి, చెక్క పని ఇష్టమున్నవాళ్ళకి చెయ్యి ఆగదు. పెద్ద పెట్టెలు ఒసాకాలోనే వదిలేసి చేతి సంచులతో రండి, పండగ రోజు స్టేషన్ లాకర్లు పొద్దున్నే నిండిపోతాయి.